ఉల్లిపాయ పోయిన రోజు

లిబోరియో కూరగాయల బండి వీధి మలుపు తిరిగిందంటే పిల్లలు బడికి బయల్దేరే వేళ అయినట్టే. మూడు చక్రాల బండి, దాని నెత్తిన బాకా మైకు, మైకులో లిబోరియో గొంతు. వంకాయల్ని, టమాటాల్ని, సొరకాయల్ని పేరుపేరునా పిలిచేవాడు. ఒక్కదాన్ని మాత్రం పేరుపెట్టి పిలిచేవాడు కాదు. "గుండ్రాలు! తాజా గుండ్రాలు!" అనేవాడు. మేడల మీది ఆడవాళ్ళు తాడు కట్టిన బుట్టలు కిందికి దించి, "ఒక కిలో గుండ్రాలు వెయ్యి" అనేవాళ్ళు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేం కూరగాయో తెలియక బుర్ర గోక్కునేవాళ్ళు.

గుండ్రాలంటే ఉల్లిపాయలే. కానీ సిసిలీ మొత్తం మీద మా ఊళ్ళో మాత్రం ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. ఉల్లిపాయ అంటే గాస్పరే అనే మాఫియా నాయకుడు. ఊరందరినీ ఏడిపించాడు కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్పుకునేవారు, అదీ తలుపులు వేసుకుని. మామూలు ఇవ్వని కొట్లు తగలబడేవి. ఎదురు చెప్పిన మనుషులు కనబడకుండా పోయేవారు. వాడు జైల్లో పడి పాతికేళ్ళు దాటినా, వాడి భయం మాత్రం బయటే తిరుగుతూ ఉండేది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. ఆ సామెత పుట్టించినవాడు మా ఊరివాడు మాత్రం కాడు.

ఆ రోజు పొద్దున్నే రేడియో చెప్పింది: ఎక్కడో ఉత్తరాన జైలు ఆస్పత్రిలో గాస్పరే పోయాడని. ఊరేగింపు కూడదని, గంటలు మోగించకూడదని పైనుంచి ఆజ్ఞ వచ్చిందని కూడా చెప్పింది. కాసేపటికి లిబోరియో బండి మలుపు తిరిగింది. మైకులో గరగర వినిపించింది, తర్వాత దగ్గు. ఆ తర్వాత వీధి వీధంతా ఉలిక్కిపడింది.

"ఉల్లిపాయలోయ్! ఎర్రెర్రని ఉల్లిపాయలు! రండమ్మా రండి, ఉల్లిపాయలు!"

నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి, ఆరు మూసుకున్నాయి. మంగలి కోసిమో సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి కత్తితో సహా బయటికొచ్చాడు. పైమేడ సిల్వానా ముందు గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత బుట్ట దించింది.

"రెండు కిలోలు... ఉల్లిపాయలు," అంది గొంతు తగ్గించి. ఎవరూ ఏమీ అనకపోయేసరికి హుషారొచ్చింది. "ఉల్లిపాయలయ్యా! మంచివి చూసి వెయ్యి, ఉల్లిపాయలు!"

"చచ్చాడు, పీడా పోయింది," అన్నాడు కోసిమో. "కానీ ఒకటి చెప్పుకోవాలి లిబోరియో. వాడున్న రోజుల్లో మోటారు సైకిలుకి తాళం వెయ్యకుండా వదిలేసినా పోయేది కాదు."

"పోదు మరి. దొంగలందరికీ ఆయన దగ్గర ఉద్యోగాలున్నాయిగా!"

"పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదయ్యా," అంది సిల్వానా పైనుంచి.

"సరే. నువ్వొక మంచి మాట చెప్పు, వింటాం."

సిల్వానా ఆలోచించింది. బుట్ట పైకి లాగుతున్నంతసేపూ ఆలోచించింది. చివరికి, "పోయాడుగా," అంది.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి లిబోరియో ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. మెట్ల మీద ఈల ఆగిపోయింది. వాళ్ళ గుమ్మానికి ఎదురుగా ఉన్నది కతేనా గుమ్మం. కతేనా అంటే గాస్పరే అక్క. ఆ తలుపు మూసే ఉంది. ఇటు గుమ్మంలో భార్య ఫిలిప్పా గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? ఎదురింట్లో చావు పెట్టుకుని, ఆ పేరు మైకులో అరుస్తావా?"

"ఉల్లిపాయని ఉల్లిపాయ అన్నాను. అదీ తప్పేనా?" అని ముక్కు ఎగబీల్చాడు. "ఏమిటా వాసన? కోడి సూపులా ఉందే. ఎవరికది?"

"ఎవరికో నీకు తెలుసు."

తెలుసు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, ఇరుగుపొరుగే వండి పంపాలి. ముందుగా వెళ్ళాల్సింది సూపు, అదీ అన్నిటికన్నా దగ్గరి గుమ్మం నుంచి. అది వెళ్తేగానీ మిగతావాళ్ళు గరిటెడు కూడా పంపడానికి లేదు. దగ్గరి గుమ్మం వీళ్ళదే. కతేనాకి మొగుడు లేడు, పిల్లలు లేరు. వీళ్ళు పంపకపోతే ఆ ముసలిది పస్తే.

మూలన కుర్చీలో లిబోరియో తల్లి నిన్ఫా మేలుకుంది. ఆవిడకి వినపడి చాలా కాలమైంది. "ఎవరు పోయార్రా?"

"ఉల్లిపాయ, అమ్మా!" అని అరిచాడు లిబోరియో చెవి దగ్గర.

"ఆఁ? కిలో ఎంత?"

మరో రోజైతే మొగుడూ పెళ్ళాలిద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

"ఫిలిప్పా, నా కొట్టు గుర్తుందా నీకు? నీలం పందిరి గుడ్డ, నేను చేత్తో రాసిన బోర్డు? పుచ్చకాయలు టపటపా పేలిపోతుంటే వీధిలో నిలబడి చూశాను. అంతా బూడిద చేశాడు వాడు. అప్పట్నుంచి బండి మీద ఎండకీ వానకీ తిరుగుతున్నాను. వాడింటికి నా ఇంటి సూపా?"

"వాడింటికి కాదు. కతేనా ఇంటికి."

"ఒకే రక్తం! ఆ సూపు ఈ గడప దాటిందా, ఈ ఇంట్లో నేను రొట్టె ముక్క ముట్టను."

"ముట్టకు," అని ఫిలిప్పా పొయ్యి ఆర్పేసింది. "ఆవిడ తినేదాకా మనింట్లోనూ పొయ్యి వెలగదు. చూద్దాం ఎవరి ఆకలి గట్టిదో."

అంతలో తలుపు మీద పిల్లి గోకినట్టు చప్పుడైంది. సిల్వానా! గుడ్డ కప్పిన పళ్ళెంతో లోపలికి జారింది. "వంకాయలు కాల్చి పెట్టాను. నువ్వెలాగూ సూపు పంపుతావు కదా, దాని వెనకే ఇదీ పంపు. నేనిచ్చానని ఆవిడకి చెప్పు, ఊరికి చెప్పకు." ఎలా వచ్చిందో అలా మాయమైంది.

తర్వాత కోసిమో వచ్చాడు. క్షవరానికి కప్పే గుడ్డ కింద చేపల పళ్ళెం దాచుకొచ్చాడు.

"వాడి మీద అభిమానంతో కాదు," అన్నాడు అడక్కముందే. "భయంతో కూడా కాదు."

"మరెందుకు?" అన్నాడు లిబోరియో.

"ఏమో! మా పిల్ల బాప్టిజానికి గౌను కతేనాయే కుట్టింది. పైసా తీసుకోలేదు. అది గుర్తొచ్చింది. నువ్వు చూసినట్టు ఎవరితోనూ అనకు."

మధ్యాహ్నానికి బల్ల నిండిపోయింది. మీట్‌బాల్స్, గుడ్ల అట్టు, తీపి రొట్టెలు, ఎవరిదో తెలియని ఒక పాస్తా. పొద్దున కిటికీలు తెరిచినవాళ్ళూ పంపారు, మూసినవాళ్ళూ పంపారు. ఊరి మనసు ఊరికే అర్థం కాలేదు గానీ, వంట మాత్రం అద్భుతంగా కుదిరింది. పాపం లిబోరియో ఒట్టు పెట్టుకుని, ఆ వాసనల మధ్య కడుపు పట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి అట్టు వైపు చెయ్యి కదిలింది. ఫిలిప్పా దగ్గింది. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

సూపు ఇక చల్లారిపోతుందని ఫిలిప్పా లేచి, పైఅరలోంచి పెద్ద గిన్నె దించింది. ఒక పిడి ఊడిపోయిన సత్తు గిన్నె. అంత సూపూ పట్టేది వంటింట్లో అదొక్కటే.

"దాన్ని ముట్టకు!" లిబోరియో లేచి నిలబడ్డాడు. "ఏ గిన్నైనా తీసుకుపో, అది మాత్రం కాదు!"

ఆ గిన్నె కథ వీధంతటికీ తెలుసు. కొట్టు తగలబడిన మర్నాడు ఊరంతా తలుపులు మూసుకుంది. పలకరించినవాడు లేడు. ఆ తెల్లవారుజామున మాత్రం లిబోరియో గుమ్మం ముందు ఈ గిన్నెడు సూపు వేడివేడిగా ఉంది. కొట్టు పోవడం కూడా ఆ ఇంటికి ఓ చావేనని గుర్తించిన మనిషి ఎవరో ఒకరున్నారు. ఓదార్పుగా వచ్చిన గిన్నెని, ఇచ్చినవాళ్ళింట్లో చావు జరిగిన రోజున నింపి తిరిగి ఇవ్వాలని మా వీధి ఆచారం. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరు పోయినా లిబోరియో గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. "ఈ గిన్నె మీదేనా?" అని అడిగి, ఏడుస్తున్నవాళ్ళని నవ్వించి ఇంటికొచ్చేవాడు.

నిన్ఫా మెడ సాచి చూసింది. "ఇన్నాళ్ళకి ఇస్తున్నారా దాన్ని? మంచిది. ఆ కతేనా దగ్గర పెద్ద గిన్నె లేక ఎంత ఇబ్బంది పడిందో."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఏమన్నావమ్మా?"

"ఆ పిల్లే కదరా తెచ్చి పెట్టింది! తెల్లారకుండా, కాళ్ళకి చెప్పుల్లేకుండా. తలుపు సందులోంచి చూశాను. నాకు పోయినవి చెవులు, కళ్ళు కాదు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?" అని లిబోరియో ఆవిడ చెవి దగ్గర అరిచాడు.

"నువ్వడిగితేగా! ఊరంతా అడిగావు. ఇంట్లో ఉన్న నన్నడిగావా?"

లిబోరియో కూలబడ్డాడు. తమ్ముడు ఎవరి కొట్టు కాల్చాడో ఆ ఇంటికే అక్క సూపు మోసుకొచ్చింది. తమ్ముడికి తెలిస్తే ఏమయ్యేదో ఆవిడకి తెలియదా? ఆ గిన్నె పట్టుకుని ఊరి చివరలదాకా తిరిగాడు గానీ, గాస్పరే అక్క గుమ్మమని ఎదురింట్లో ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. లేచి, పొయ్యి వెలిగించి, సూపు వెచ్చజేసి, తనే గిన్నెలో పోశాడు.

ఎదురు తలుపు కొట్టగానే తెరుచుకుంది. కతేనా కళ్ళు పొడిగా ఉన్నాయి. ముందు లిబోరియోని చూసింది, తర్వాత గిన్నెని చూసింది. గుర్తుపట్టింది.

"పొద్దున అలా అరిచాను. తప్పయింది అక్కా," అన్నాడు.

"తప్పేముంది? ఆ మాట విని ఎన్నాళ్ళైందో." ఆవిడ గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది. "ఏడిపించాడని ఆ పేరొచ్చిందనుకుంటారు మీరంతా. కాదయ్యా. అమ్మ పోయాక ఇంట్లో రొట్టెలోకి ఏమీ ఉండేది కాదు. పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని తినేవాడు, కళ్ళ నీళ్ళు కారుతున్నా నవ్వేవాడు. పిల్లలు కింద నిలబడి 'ఉల్లిపాయా! రారా ఆటకి!' అని అరిచేవాళ్ళు. పొద్దున నువ్వు అరిచినప్పుడు... వాణ్ణి ఎవరో ఆటకి పిలుస్తున్నారనుకున్నాను. లేచి కిటికీ దాకా వెళ్ళాను."

"నేను వాణ్ణి క్షమించలేనక్కా," అన్నాడు లిబోరియో.

"నేనూ క్షమించలేదు," అంది కతేనా. "అందుకే పొద్దున్నుంచి ఇలా కూర్చున్నాను. వాడు చేసినవాటికి ఎంతమంది తల్లులు ఏడ్చారు! నేను వాడి కోసం ఏడవచ్చో లేదో తెలియడం లేదు. గోడలు పల్చన. వింటే ఊరు ఏమనుకుంటుందో!"

లిబోరియో గిరుక్కున తిరిగి మెట్లు దిగాడు. అతనికి కోపం వచ్చిందేమో అనుకుంది కతేనా. కానీ అతను బండి మీది బస్తా భుజాన వేసుకుని రొప్పుతూ పైకొచ్చి, బల్ల మీద గుమ్మరించాడు. ఎర్రెర్రని ఉల్లిపాయలు దొర్లాయి.

"మంచి ఘాటైనవి అక్కా. కోద్దాం పట్టు. ఎవరైనా అడిగితే ఉల్లిపాయలు కోస్తున్నామని చెబుదాం."

ఒక కత్తి ఆవిడకిచ్చి, ఒకటి తను తీసుకున్నాడు. కతేనా మొదటిది కోసింది. రెండోది కోసింది. మూడోదానికి భుజాలు కదలడం మొదలైంది. తర్వాత గొంతెత్తి, చిన్నపిల్లలా, వెక్కివెక్కి ఏడ్చింది. లిబోరియో తల ఎత్తకుండా కోస్తూనే ఉన్నాడు. అతని ముఖం కూడా తడిసిపోయింది, కాల్చినవాడి కోసమో, కాలిన కొట్టు కోసమో.

సూపు వెళ్ళిందిగా, దారి తెరుచుకుంది. ఫిలిప్పా వంకాయలతో వచ్చింది. మెట్ల మీద కాచుక్కూర్చున్న సిల్వానా, కోసిమో కూడా దొంగల్లా లోపలికి వచ్చి, బల్ల చూసి, మాట్లాడకుండా చెరో కత్తి అడిగారు. కాసేపటికి అందరూ ముక్కులు చీదుతున్నారు. "ఘాటు," అన్నాడు కోసిమో. "చాలా ఘాటు," అంది సిల్వానా.

ఇంట్లో ఎవరూ కనబడక నిన్ఫా కర్ర తాటించుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అందరి ముఖాలూ చూసి బిత్తరపోయింది.

"ఎవరు పోయార్రా?"

లిబోరియో కత్తి కింద పెట్టి, తల్లి చెవి దగ్గరికి వంగాడు.

"కతేనా అక్క తమ్ముడు పోయాడమ్మా."

"అయ్యో, అయ్యో!" అంటూ ముసలావిడ తల మీది నల్లగుడ్డ ముందుకు లాక్కుని, కతేనా పక్కన చోటు చేసుకుని కూర్చుంది. "పొద్దున్నించీ అడుగుతుంటే, ఆ ముక్క చెప్పరేం మరి!"