కొత్తది కాని ఉంగరం

నూకరత్నానికి ముప్ఫై ఎనిమిదేళ్లు. చేతులు కడుక్కున్న ప్రతిసారీ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటుంది. కాకినాడ రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచే చేతులవి. ఎంత సబ్బు రాసినా ఆ వాసన పోదు. ఆమె చూసుకోవడమూ మానదు.

ఆరోజు యుటిలిటీ మోడల్ ఆఫీసు కుళాయి దగ్గర కూడా చూసుకునే లోపలికి వెళ్లింది.

యుటిలిటీ మోడల్ అంటే పేటెంట్‌కి చెల్లెలు. మహా ఆవిష్కరణ కానక్కర్లేదు. చిన్న పనిముట్టయినా చాలు, కాకపోతే కొత్తదై ఉండాలి. హక్కు దొరికితే కొన్నేళ్లు ఇంకెవరూ దాన్ని తయారు చేసుకోకూడదు. నూకరత్నం తెచ్చింది బొటనవేలికి తొడుక్కునే స్టీలు ఉంగరం. ముందు చిన్న కొక్కెం. రొయ్య వీపు మీద ఒక్క లాగుడుకి పొట్టూ నరమూ వచ్చేస్తాయి, గోరు ఊడదు. పొద్దస్తమానం మంచునీళ్లలో నానే ఆడవాళ్లకి గోళ్లు మిగలడం చిన్న సంగతేమీ కాదు. షెడ్డు నడిపే కంపెనీ మేనేజరు అప్పటికే ఆ ఉంగరాన్ని "చూసిస్తా" అంటూ రెండుసార్లు పట్టుకెళ్లాడు. అందుకే ఈ దరఖాస్తు.

"హక్కు వచ్చాక మాతో మాట్లాడతావా వదినా, అపాయింట్‌మెంటు తీసుకోవాలా?" అంది పొద్దున ఒలుపు బల్ల దగ్గర కరుణమ్మ.

"నీకు టోకెన్ ఇస్తాలే," అంది నూకరత్నం.

కొత్తదో కాదో తేల్చేది మనిషి కాదు, 'పూర్వి' అనే యంత్రం. దాన్ని తయారు చేసిన డాక్టర్ శశిభూషణ్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది కాగితాలే కాదమ్మా, నిల్వ ఉన్న ప్రతి వీడియో చూస్తుంది. పెళ్లిళ్లవి, సీసీటీవీవి, ఫోన్లలో తీసినవి. చేతుల కదలికను పోల్చుకుంటుంది. మీ పనిముట్టు ఇదివరకు ఎవరు వాడినా పట్టేస్తుంది."

"పట్టిందా సార్?"

ఆయన తెర ఆమె వైపు తిప్పాడు.

ముప్ఫై ఏళ్ల కిందట కంపెనీ తీయించుకున్న వీడియో. ఇదే కంపెనీ పాత షెడ్డు. మంచుగడ్డలు. వరసగా ఆడవాళ్లు. చివరన ఒక సన్నటి మనిషి. చెవుల మీదుగా ముడేసిన ఎర్ర తలగుడ్డ, పాదాల నుంచి మోకాళ్లదాకా చుట్టుకున్న ఎరువుల సంచి, బొటనవేలికి వంచిన చెంచా ముక్క. ఒక్క లాగుడు. మళ్లీ ఒకటి. ఆ మనిషి ఆగి, చెయ్యి తుడుచుకుని, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

నూకరత్నం కుర్చీ అంచు పట్టుకుంది. "మా అమ్మండి. కాసులమ్మ."

తనకి ఆరేళ్లప్పుడు పోయిన తల్లి. ఇంట్లో మిగిలింది రేషన్ కార్డు మీది బిళ్లంత ఫోటో. పోయాక కదిలే అమ్మను చూడటం ఇదే మొదటిసారి.

తెర మీదికి సూపర్‌వైజరు వచ్చాడు. చెంచా ముక్క లాక్కుని చెత్తలో పడేశాడు. గేటు వైపు చెయ్యి చూపించాడు. కాసులమ్మ తలగుడ్డ విప్పుకుంటూ నడిచి వెళ్లిపోయింది.

"పనిదొంగ అని అమ్మని తీసేశారని మా నాన్న తను చచ్చేదాకా అన్నాడండి."

శశిభూషణ్ తెర తన వైపు తిప్పుకున్నాడు.

"మా అమ్మే ముందు కనిపెట్టిందని ఒప్పుకుంటున్నారా?"

"యంత్రం ఒప్పుకుంది."

"అయితే ఆవిడ పేరు మీదే ఇచ్చెయ్యండి."

"ఆవిడ దరఖాస్తు పెట్టలేదు కదమ్మా."

"అప్పుడు ఈ ఆఫీసేది సార్, పెట్టడానికి?"

"లేదు. ఇప్పుడిది అందరిదీ. ఎవరైనా చేసుకోవచ్చు."

"కంపెనీ కూడానా?"

"కంపెనీ కూడా."

తల్లి చేతిలో ఉన్నప్పుడు అది నేరం. కూతురు హక్కు అడిగేసరికి పాత వాడకం. ఆడవాళ్ల బుర్రలోంచి వచ్చిన వస్తువుకి ఈ రెండు పేర్లు తప్ప మూడోది ఏ చట్టానికీ తట్టలేదు.

"పోనీ, ఆ వీడియో నా ఫోన్లో వేస్తారా?"

"అది కంపెనీ ఆస్తమ్మా. తిరస్కరించినప్పుడు సాక్ష్యంగా ఒక్కసారి చూపించాలని మాత్రమే రూలు."

నూకరత్నం కాసేపు వేళ్ల వంక చూసుకుంది. "ఆ తలగుడ్డ ముడికి దరఖాస్తు పెడితేనో?"

"అదీ కొత్తది కాదు. తిరస్కరిస్తాం."

"తిరస్కరిస్తే?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సాక్ష్యం చూపించాలి."

కంపెనీ అలాంటివే ప్లాస్టిక్ ఉంగరాలు పోత పోయించింది. పని తొందరగా తెములుతోందని కిలోకిచ్చే కూలి తగ్గించింది. నూకరత్నం మరుసటి ఏడు తలగుడ్డ ముడికి దరఖాస్తు పెట్టింది. ఆ పై ఏడు కాళ్లకి చుట్టుకునే సంచికి. రెండూ తిరస్కరించారు. రెండుసార్లూ వెళ్లి అమ్మని చూసి వచ్చింది.