కామాలు లేని వాక్యాలు

టీ కప్పులు కడిగి బోర్లించాక, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చాడు. ఆమె అప్పటికే పేము కుర్చీలో సర్దుకుని కూర్చుంది. చూపు కిటికీ వైపే ఉంది గాని, ఆ కిటికీ ఆమెకి ఇప్పుడు ఒక తెల్లటి మరక మాత్రమే. పాలు ఒలికిన అద్దంలోంచి లోకాన్ని చూస్తున్నట్టు ఉంటుందని చెప్పేది.

“ఎక్కడ ఆపాం?” అన్నాడాయన, తెలిసి కూడా.

“నాట్యం జరిగే హాల్లో. ఆ పిల్ల గోడ పక్కన నించుంది. అతనింకా చూడలేదు.”

“చూశాడు. చూడనట్టు నించున్నాడు.”

“అదేలెండి. చదవండి.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “హాలు నిండా కొవ్వొత్తులు వెలుగుతున్నా, కామా, డ్యూకుగారి ముఖం మీద మాత్రం నీడ ఉంది, ఫుల్‌స్టాప్. ఓపెన్ కోట్, మీరు నాట్యం చెయ్యరా, క్వశ్చన్ మార్క్, క్లోజ్ కోట్, అని పెద్దావిడ అడిగింది, ఫుల్‌స్టాప్.”

ఉద్యోగం చేసినంత కాలం ఆయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు చూసే గదిలోనే ఉన్నాడు. అక్కడ ఒకరు రాతప్రతిని చుక్కలూ గీతలతో సహా పైకి చదవాలి, ఇంకొకరు అచ్చైన కాగితంతో సరిచూడాలి. ఈయన చదివేవాడు. ప్రతిలో ఉన్నది ఒక్కటీ వదలకూడదు, లేనిది ఒక్కటీ చేర్చకూడదు. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదల్లేదు. ఆఫీసులో వెనకాల ‘కామాగారు’ అనేవాళ్ళు. ఇంట్లో మందు సీసా మీది మాటలు చదివినా అంతే.

ఆమెకి శుక్లాలు ముదిరి అక్షరాలు అలుక్కుపోయాక, ఈ నవలలు పైకి చదవడం ఆయన పనైంది. అన్నీ ఒకే తీరువి. రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు, మతి తప్పిన రాజుకి బదులు కొడుకు పాలించిన రోజులు, గుర్రపు బళ్ళు, పొడుగాటి చేతి తొడుగులు, పెళ్ళి దాకా దారి తెలియని ఇద్దరు మనుషులు. రీజెన్సీ నవలలంటారు. లెండింగ్ లైబ్రరీలో ఒక అర నిండా అవే.

వీధి తలుపు దగ్గర కూతురు బూట్ల ముడి విప్పుతోంది. లోపలినుంచి తండ్రి గొంతు వినిపించింది.

“డ్యూకు ఆమె చేతి తొడుగు వైపు చూశాడు, ఫుల్‌స్టాప్. ఆ తొడుగులో ఒక వేలు ఉంది సూది గుచ్చుకుని గుచ్చుకుని దాని కొస గట్టిపడిపోయింది దీపం కింద తల వంచి ఆమె కుట్టుకుంటుంటే అతను ఎన్నోసార్లు చూశాడు చూసి ఏమనాలో తెలియక పక్కగదిలోకి వెళ్ళిపోయేవాడు…”

కూతురు ఫిజియోథెరపిస్టు. మనుషుల భుజాలూ మోకాళ్ళూ కదిలించడం ఆమె వృత్తి. అందుకే గదిలోకి రాగానే మాటల కంటే ముందు తల్లి ఒళ్ళు కనిపించింది. చేతులు ఒళ్ళో వదిలేసి, మెడ ఒక పక్కకి వాల్చి, నిద్రకీ మెలకువకీ మధ్య వాన చప్పుడు వింటున్న మనిషిలా ఉంది.

“ఇంకా చెయ్యి పట్టుకోలేదా ఆయన? పోయిన వారం నుంచీ అదే హాల్లో నిలబడ్డారు ఇద్దరూ. కాళ్ళు పీకవూ?”

“నీ దగ్గరికి పంపిస్తాలే. వ్యాయామాలు చెబుదువు గాని,” అంది తల్లి.

తండ్రి పేజీలో వేలుంచి పుస్తకం మూసి నవ్వాడు. కూతురు మాత్రం బల్ల అంచున కూర్చుని అసలు సంగతికి వచ్చింది.

“గురువారం పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి. కంటి డాక్టరమ్మతో మాట్లాడేశాను.”

“ఈ గురువారమా? వద్దులేవే. వచ్చే నెల చూద్దాం.”

“చలి తగ్గనీ అన్నావు. తగ్గింది. ఎండలన్నావు. అవీ పోయాయి. ఇప్పుడేం అడ్డం? చందమామా?”

“నాకేం కొదవని ఇప్పుడు? ఇల్లు నాకు తెలుసు, గోడలు నాకు తెలుసు.”

“పెనానికి నువ్వు తెలుసా?” కూతురు తల్లి చెయ్యి తిప్పి చూపించింది. మణికట్టు పైన చర్మం ఎర్రగా కమిలి ఉంది. “ఇదెప్పుడు కాలింది? పొర ముదురుతోందమ్మా. ఇంకా ఆలస్యమైతే కంటి కోత కష్టం, చేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చని ఆవిడ మొహం మీదే చెప్పింది. చిన్నపిల్లవా నువ్వు?”

తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. కూతురికి ఒళ్ళు మండింది. తండ్రి వైపు తిరిగింది.

“నువ్వయినా నోరు విప్పు నాన్నా!”

“ఏం చెప్పమంటావు? ఆవిడ ఇష్టం.”

“ఆవిడ ఇష్టం కాదు, నీ చలవ! పొద్దున్నే సింహాసనం వేసి కథలు వినిపిస్తుంటే ఇంక కళ్ళెందుకు? నువ్వు చదవబట్టే అమ్మ గుడ్డిదైపోతోంది.”

ఆయన పేజీ మధ్య కాగితం ముక్క పెట్టాడు. పుస్తకాన్ని స్టూలు మీద అంచులు సరిగ్గా ఉండేలా పెట్టాడు. చెప్పులేసుకుని, ఎక్కడికో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పకుండా ఆయన వెళ్ళడం ఆ ఇంట్లో అదే మొదలు.

“అనకూడని మాటన్నావు,” అంది తల్లి.

కూతురికి తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు పుస్తకం అందుకుంది.

“ఆయన వచ్చేదాకా నేను చదువుతాలే. కానీ నిజం చెప్పు, ఏముందమ్మా వీటిలో? చివరికి పెళ్ళవుతుందని మొదటి పేజీలోనే తెలుసుగా.”

“తెలుసు కాబట్టే బావుంటుంది. అన్నం పెడతారని తెలిస్తే ఆకలి కూడా హాయిగా ఉంటుంది. తెలియకపోతే అది ఆకలి కాదే, భయం.”

కూతురు తలెత్తి చూసింది. తల్లి ఇలా మాట్లాడడం ఆమె ఎరగదు.

“మరి ఆ కట్టుబాట్లు? నవ్వితే తప్పు, ఒంటరిగా నడిస్తే తప్పు.”

“ఆ తప్పులన్నీ ఉండబట్టే ఒక్కొక్క చిన్న పనికి అంత బరువు. చేతికి తొడుగు ఉంటేగా, అది తీయడం ఒక సంగతయ్యేది? మాట సూటిగా అనకూడదు. అందుకని గొడుగు గురించి పోట్లాడుకుంటారు, వాన గురించి వాదించుకుంటారు. పైకి వెటకారం. లోపల మాత్రం అతను చెప్పిన ప్రతి మాటా ఆమెకి గుర్తుంటుంది, ఆమె అన్నది అతనికి గుర్తుంటుంది. అంత శ్రద్ధగా మనల్ని ఎవరు వింటారే? అంత ఆస్తీ, అంత పొగరూ ఉన్నవాడు, ఒక పేదపిల్ల ఇవాళ ఏమంటుందా అని గోడ పక్కన కాచుకుని ఉంటాడు. అది చదువుతుంటే…” ఆమె ఆగింది. “కాజాలు కుట్టే రోజుల్లో, చొక్కా మీద చొక్కా, గుండీ మీద గుండీ, ఎవరూ నా మొహం చూసేవాళ్ళు కాదు. ఇలాంటి నవల తెరిస్తే ఎవరో ఒకరు ఒక ఆడమనిషిని తీరిగ్గా చూస్తుండేవాళ్ళు.”

కూతురు పేజీ తిప్పింది. కథ అందుకోవడానికి కొంచెం వెనకనుంచి మొదలుపెట్టింది. కొవ్వొత్తులు, నీడ, పెద్దావిడ ప్రశ్న. కామాలు లేకుండా చదువుతుంటే తల్లి పెదవుల మీద చిన్న నవ్వు. డ్యూకు ఆమె చేతి తొడుగు వైపు చూశాడు. ఆ వెంటనే ఫిడేళ్ళు మొదలయ్యాయి.

కూతురు ఆగింది. ముందు పేజీ చూసింది, తరవాతి పేజీ చూసింది. పేజీల అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

“ఆ వేలు సంగతేదమ్మా? నేను వచ్చేటప్పుడు నాన్న చదువుతున్నాడే. ఇందులో లేదు.”

“లేదు,” అంది తల్లి.

“నీకు తెలుసా?”

“ఈ పుస్తకం నువ్వు పుట్టకముందే చదివాను. ఆ డ్యూకుకి వేళ్ళ సంగతే పట్టదు. ఆ పిల్ల చితికిపోయిన ప్రభువు కూతురు, సూది పట్టి ఎరగదు.” తల్లి తన కుడి చూపుడువేలి కొసని బొటనవేలితో నిమురుకుంది. “మొదట్లో ఒక్క మాట కలిపేవారు. తరవాత ఒక వాక్యం. ఇప్పుడు ఒక్కోసారి అరపేజీ. నాకు పుస్తకం గుర్తులేదనుకుంటున్నారు. గుర్తు లేకపోయినా తెలిసిపోతుందే. సొంతంగా చెప్పేటప్పుడు ఆయన నోట కామాలు రావు.”

కూతురు చేతిలో పుస్తకం బరువెక్కింది.

“మీ నాన్న చెడ్డవారు కాదు. ఒక్కనాడూ గట్టిగా అనలేదు. కానీ నా వేలు గట్టిపడిందని ఆయన చూశారని నాకు తెలీదు. ఇన్నేళ్ళు పక్కగదిలోకి ఎందుకు వెళ్ళిపోతారో తెలీదు. చూపొస్తే ఇంక ఆయన చదవక్కర్లేదు. చదివినా, నేను చూస్తున్నానని పుస్తకంలో ఉన్నదే చదువుతారు.”

కూతురి దగ్గరికి వచ్చే రోగుల్లో ఒకావిడ ఉండేది. ఆవిడ భుజం ఎన్నాళ్ళకీ లేచేది కాదు. చెయ్యి ఎత్తించడానికి కొడుకు రోజూ వచ్చేవాడు. చెయ్యి లేస్తే అతను రాడు. ఆ ముడిని ఆమె ఒక్క రోజులో కనిపెట్టి, ఇంటికొచ్చి తెలివిగా చెప్పుకుంది కూడా. పరాయి భుజంలో కనిపించింది సొంత తల్లి కళ్ళలో కనపడలేదు.

“అందుకని గుడ్డిదానివైపోతావా అమ్మా?” అనబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆయనతో అనకు. సిగ్గుతో చస్తారు.”

అంతలో తలుపు చప్పుడైంది. తండ్రి చేతిలో లైబ్రరీ అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ఆయన భార్య ఎదురుగా నిలబడి, ఆఫీసులో పైఅధికారి ముందు నిలబడ్డట్టు, దారంతా వల్లె వేసుకున్నది ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

“పిల్ల అన్నది నిజమే, కామా, నాది తప్పు. ఇది పెద్ద అక్షరాల నవల. కోత అయ్యాక కూడా కళ్ళకి శ్రమ ఉండదట. గురువారం వెళ్దాం. ఆ తరవాత నువ్వే చదువుకో. నేను చదవను.”

ఆమె పుస్తకం అందుకుని అట్ట తడిమింది. ఆయన ఎంత ప్రేమగా తెచ్చాడో అంతగానూ అది ఆమె దగ్గరనుంచి ఏదో తీసుకుపోతోంది. కూతురు చూస్తూ ఉంది. పాత్రలు మాట్లాడక నిలబడిపోయే ఆ హాలు ఇదేనని, తను వెక్కిరించింది ఇదేనని అనిపించింది.

“వేలు సంగతి ఇందులో ఉంటుందా?” అంది తల్లి మెల్లగా.

“ఏ వేలు?”

“డ్యూకుగారు చూసిన వేలు.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ప్రతిలో లేనిది చదివాను,” అన్నాడు. “ఎప్పటినుంచి తెలుసు?”

“మొదటి రోజునుంచీ.”

“మరి దిద్దలేదేం?”

“దిద్దడానికి తప్పుంటేగా?”

ఆయన తల దించుకున్నాడు.

“నువ్వు చూస్తుంటే నాకు నోరు పెగలదు. మొదట్నించీ అంతే. అనుకున్న మాట అనుకున్నట్టే లోపల ఉండిపోయేది. నీకు కనపడదని ధైర్యం వచ్చింది. ఎంత సిగ్గుమాలిన ధైర్యమో చూడు.”

“దానికేముంది,” అందామె. “కళ్ళు బాగయ్యాక కూడా మీరు చదివేటప్పుడు మూసుకుంటాను.”

“మాట తప్పవుగా?”

“డ్యూకుగారి మీద ఒట్టు.”

కూతురు వంటింట్లోకి వెళ్ళి, కడిగేసిన కప్పులనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నీళ్ళ చప్పుడులో తన ముక్కు చప్పుడు వినపడదని.

కోత బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు తల్లి మొదట చూసింది ఇంటి కిటికీ అద్దం మీది దుమ్ము. “ఇన్నాళ్ళూ ఇందులో బతికామా!” అంది. తరవాత ఆయన కనుబొమ్మలు చూసింది. అవి ఎప్పుడు తెల్లబడ్డాయో ఆమె ఎరగదు. చూస్తూ ఉండిపోతే ఆయన మొహమాటపడి కప్పులు కడగడానికి లేచాడు.

ఇంకో వారానికి కూతురు వచ్చేసరికి, ముందుగదిలో అంతా మునుపటిలాగే ఉంది. కాళ్ళు చాపి, పేము కుర్చీలో, కళ్ళు గట్టిగా మూసుకుని తల్లి. పక్కన పెద్ద అక్షరాల పుస్తకం, తల్లి చదువుకుంటున్నట్టు మధ్యలో ఒక గుర్తు. తండ్రి చేతిలో పాత నవల. కూతురు తలుపు దగ్గరే ఆగిపోయింది, బూటు ఒకటి విప్పి, ఒకటి విప్పకుండా.

“బండి దిగేటప్పుడు డ్యూకు చెయ్యి చాచాడు, కామా, ఆమె పట్టుకుంది, ఫుల్‌స్టాప్. ఆ రోజు అతను చెప్పాలనుకున్నది ఒకటి ఉంది పెళ్ళైన కొత్తలో నువ్వు వాకిట్లో నించుని నా కోసం చూస్తుండేదానివి నేను వీధి చివర ఆగి కాసేపు నిన్నే చూసి అప్పుడు వచ్చేవాణ్ణి ఆలస్యమైందేమని నువ్వడిగితే పని ఎక్కువుందని అబద్ధం చెప్పేవాణ్ణి…”

తల్లి మాట తప్పింది. కనురెప్పలు కొంచెం, సన్నగా తెరిచింది. పుస్తకం ఆయన ఒళ్ళో మూసి ఉంది. ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె కళ్ళు తెరవడం చూశాడు.

మాట ఆపలేదు.