మందుకొట్టు సూరయ్య

బ్రూక్షాబాద్ వెనక కొండవాలులో తెల్లదొరల నాటి మందుకొట్టు ఒకటుంది — తుపాకి మందు దాచిన రాతిగది. పొద్దుగూకాక దాని పేరెత్తితే మా వీధిలో పాలు విరిగిపోతాయి. నావి రెండు లీటర్లు పోయాయి.

అక్కడ చచ్చినవాడు సూరయ్య, దొరల షికారీ. ఆ రోజుల్లో తుపాకికి నోట్లోంచే మేత. మందు పొయ్యాలి, గుడ్డపీలిక కుక్కాలి, సీసపు గుండు వెయ్యాలి, ఇనప కడ్డీతో దట్టించాలి. దెబ్బ తప్పిందా, మళ్లీ మొదట్నుంచీ.

సూరయ్య దెబ్బ తప్పింది. కడ్డీతో దట్టిస్తుండగానే అడవిపంది మీదకొచ్చేసింది — ఏనుగంత పంది! సరే, దూడంత అనుకోండి.

అప్పట్నుంచీ చీకటి పడితే అక్కడ... ఠక్... ఠక్... ఠక్... ఇంకా దట్టిస్తూనే ఉన్నాడు.

మా పక్కింటి జోగులుకి ఆ వాలులోనే కంద తోట. పందుల్ని బెదిరించడానికో రైఫిల్, దానికో లైసెన్సు. లైసెన్సు తిరగరాయాలంటే కొన్న తూటాలన్నీ ఠాణాలో చూపాలి — పేలనివి పేలనట్టే, పేలినవాటికి ఖోకాలు, అంటే మిగిలిన ఇత్తడి గొట్టాలు. ఒక్కటి తగ్గినా జింకను కొట్టి దాచాడంటారు. రైఫిల్ లాక్కుంటారు. తోట పందులపాలు.

తెల్లారితే ఠాణాకి వెళ్లాలనగా పెట్టె బోర్లిస్తే, ఖోకా ఒకటి లేదు.

“నిన్న మందుకొట్టు కాడ గాల్లోకి పేల్చినావు గదా, ఏరినావా?” అంది పెళ్లాం యర్రమ్మ.

“చీకటడిపోనాదే...”

“జింక కూర ఎవులికి పెట్టినావు? నాకైతే పెట్టనేదు.”

పెళ్లామే అలా అంటే ఠాణా వాళ్లు ఊరుకుంటారా? మా దీవుల్లో ఐదున్నరకే చీకటి. మిగిలిన ఒకే ఒక్క తూటా ధైర్యానికి రైఫిల్లో పెట్టుకుని, టార్చి పట్టుకుని బయల్దేరాడు. ఇక్కణ్ణుంచి జోగులు చెప్పిందే చెబుతున్నా. నేను కలిపింది బహు కొద్ది.

గాలి లేదు. ఆకు కదల్లేదు.

ఠక్... ఠక్...

టార్చి వేశాడు. మందుకొట్టు మెట్టు మీద ఖోకా — నిటారుగా నిలబడి ఉంది! చుట్టూ నల్లటి తుపాకి మందు ఒలికి ఉంది. పక్కన గుడ్డపీలిక. ఖోకా సన్నటి మూతి మీద ఉసిరికాయంత సీసపు గుండు... లోపలికి దూరక అలాగే కూర్చుంది. దానిమీద తుప్పుకడ్డీ ఒకటి లేస్తోంది, పడుతోంది. పట్టుకున్న చెయ్యి మాత్రం — లేదు.

“ఒరే అబ్బీ...” చెవిలో గుసగుస. “దీని నోరు ఇంత సన్నవేటిరా? గుండు దూరదేటి?”

జోగులు రైఫిల్ని గుండెకి హత్తుకున్నాడు.

“తా... తాతా... ఇప్పుడలాగ కాదు. మందూ గుండూ ఫ్యాక్టరీవోళ్లే గొట్టంలో పెట్టి అమ్మేత్తారు. తుపాకి నోట్లోంచి కాదు... ఎనక నుంచి పెట్టాల.”

కడ్డీ ఆగింది.

“ఎనక నుంచా?”

“అయిదేసి తూటాలు తాతా. ఒకటి పేలితే దాని ఎనకే ఇంకోటి...”

కడ్డీ మెల్లగా మెట్టు మీదకి వాలింది.

“నాకెవులూ చెప్పనేదే...” ఆ గొంతు ఇంకా దగ్గరికొచ్చింది. “ఏదీ — సూపించు.”

చూపించాడు మహానుభావుడు! రైఫిల్ గడియ — అదే, బోల్టు — వెనక్కి లాగాడు. లోపలి తూటా ఎగిరి రాతి మీద పడింది — ఠింగ్! గదిలోకి దొర్లింది... దొర్లింది... దొర్లుతున్న చప్పుడు టక్కున తెగిపోయింది. ఎవరో పట్టుకున్నట్టు.

జోగులు ఖోకా లాక్కుని పరుగో పరుగు. చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మర్నాడు జోగులుతో పాటు ఠాణాకి యర్రమ్మ నన్నూ తోడు తీసుకెళ్లింది. ఎస్సై మణికుమార్ ఎలాంటివాడంటే, టీలో పంచదారని కూడా నువ్వెక్కడిదానివని అడిగే రకం.

“ఖోకాలన్నీ ఠీక్. పేలని తూటా ఏది?”

“సూరయ్య తీసుకున్నాడు సార్,” అన్నాడు జోగులు.

“సూరయ్య కౌన్?”

“చచ్చిపోనాడు సార్... ఎప్పుడో.”

మణికుమార్ కళ్లు చిన్నవయ్యాయి. “జింక ఎన్ని కిలోలు తూగింది, జోగులు భయ్యా?”

యర్రమ్మ మొగుడికేసి గుర్రుగా చూసింది. నేనూ చూశాను. ఏమో... ఎవరికి తెలుసు?

లైసెన్సు కొట్టెయ్యడానికి ఎస్సై పెన్ను తీశాడు. పాళీ కాగితానికి ఆనింది —

ధాం!

కొండవాలు వైపునుంచి! బల్ల మీద గ్లాసులు ఎగిరిపడ్డాయి. అంత దూరాన చాతం కలప మిల్లులో రంపాలు ఆగిపోయాయంటే నమ్మండి. ఆ వాలు మొత్తానికీ లైసెన్సున్న తుపాకి ఒక్కటే — అది మా ముందే, బల్ల మీద, బోల్టు తెరుచుకుని పడుంది.

మణికుమార్ లేచి కిటికీలోంచి చూశాడు. చూసి... రెక్క మూసేశాడు. వచ్చి కూర్చున్నాడు.

“రూల్ ప్రకారం... ఇప్పుడు పేలినదాని ఖోకా కూడా జమ చెయ్యాలి. తెస్తే లైసెన్సు ఇప్పుడే రాసిస్తా. కౌన్ జాయేగా? ఎవరెళ్తారు?”

కానిస్టేబుళ్లు తమ బూట్లకేసి చూసుకున్నారు. యర్రమ్మ మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది.

జోగులు రైఫిల్ని మెల్లగా ఎస్సై వైపు నెట్టాడు.

“పందులకీ ఆకలుంటాది సార్.”