ఒకే ఫోల్డర్‌లో ఇద్దరి బిల్డ్‌లు

చంద్రిక బిల్డ్ మళ్లీ ఫెయిలైంది.

అబిడ్స్‌లో ఒక చెప్పుల షాపు పైన ఉన్న ఆ చిన్న కంపెనీ, దవాఖానల్లో టోకెన్లు ఇచ్చే యాప్ తయారు చేస్తుంది. చంద్రిక అందులో ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆమె కోడ్ తన ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. రాసిన కోడ్‌ను యాప్‌గా కూర్చే పని, అంటే బిల్డ్, ఆఫీసు మూలనున్న మెషీన్ మీద నడిచేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఫైళ్లు లేవంటూ ఆగిపోతోంది. శుక్రవారం రిలీజ్. ఈసారి కూడా ఇలాగే అయితే ఉద్యోగం పర్మనెంట్ చేయడం కష్టమని మేనేజర్ ప్రభావతి మెల్లగానే చెప్పింది. ఉద్యోగం పోతే నాంపల్లి హాస్టల్ ఖాళీ చేసి కామారెడ్డి వెళ్లిపోవాలి. అక్కడ తండ్రి భూమయ్య సంబంధాలు చూస్తున్నాడు.

ఆ బిల్డ్ మెషీన్ చూసుకునేది మహీధర్, అతని బిల్డ్ కూడా అందులోనే నడుస్తుంది. ఆమె నేరుగా అతని టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"మీ బిల్డ్ నడిచినప్పుడే నాది ఆగిపోతుంది. నా ఫైళ్లు మీరే తీసేస్తున్నరు."

"మీ ఫైళ్లతోని నాకేం పని? మీ స్క్రిప్ట్ జర మంచిగ చూస్కోండి."

"చూసిన. ఇప్పుడు మీరు చూడున్రి."

కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. కిటికీ అవతల వాన పట్టుకుంది. ఇక తప్పక అతను రెండు బిల్డ్‌లూ కలిపి నడిపాడు. ఫోల్డర్‌లో ఆమె ఫైళ్లు ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. అతని బిల్డ్ మొదలైంది. ఫోల్డర్ ఖాళీ అయింది.

ఏ బిల్డ్ ఏ ఫోల్డర్‌లో పని చేయాలో దాని పైప్‌లైన్‌లో, అంటే బిల్డ్‌ను నడిపే ఆదేశాల ఫైల్లో, రాసిపెట్టాలి. దాన్నే వర్కింగ్ డైరెక్టరీ అంటారు. ఆ మెషీన్ మీద తన బిల్డ్ ఒక్కటే నడిచే రోజుల్లో మహీధర్ ఒక ఫోల్డర్ పూర్తి అడ్రస్ రాసేశాడు. తర్వాత వచ్చిన పైప్‌లైన్‌లన్నీ దాన్నే కాపీ కొట్టాయి. అతని బిల్డ్ మొదలవగానే ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది.

"ఇద్దరికీ ఒకటే అర్ర ఇచ్చి, మీరొచ్చినప్పుడల్లా నా సామాన్ బయట పడేస్తున్నరు," అంది చంద్రిక.

అతనికి నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూసి ఆపుకున్నాడు.

ఆ అడ్రస్ తీసేసి, ప్రతి పైప్‌లైన్‌కీ మెషీన్ విడిగా ఇచ్చే ఫోల్డర్‌లోనే పని జరిగేలా మార్చారు. ఈసారి రెండు బిల్డ్‌లూ పాసయ్యాయి.

శుక్రవారం రిలీజ్ సాఫీగా వెళ్లింది. తప్పు తన సెట్టింగ్‌దని మహీధర్ స్వయంగా వచ్చి చెప్పాడని, ఉద్యోగం ఖాయం చేసిన రోజు ప్రభావతి చంద్రికతో అంది. మేడమ్‌కు చెప్పినట్టు నాకెందుకు చెప్పలేదని చంద్రిక మహీధర్‌ను అడిగింది.

"చెప్తే మీరు థ్యాంక్స్ అంటరు. తప్పు నాదైతే థ్యాంక్స్ ఏంది?"

ఆ సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకుంటూ నాంపల్లి దాకా నడిచారు. మర్నాడూ నడిచారు. తర్వాత అదే అలవాటైంది. దారిలో ఎక్కడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"మీ ఇల్లు గౌలిగూడల గదా, ఇటెందుకొస్తున్నవ్?" అని ఒకరోజు దారిలో చాయ్ తాగుతూ చంద్రిక అడిగింది.

"అటు బస్సులన్ని రష్ ఉన్నయ్."

"నెల నుంచీనా?"

అతను గ్లాసులోని చాయ్ ఊదుకున్నాడు. చంద్రికే మాట మార్చింది.

"ఆదివారం బాపు వస్తుండు. ఎవరో పిలగాని ఫోటో తెస్తడట."

"నువ్వేమన్నవ్?"

"ఫోటో వద్దన్న. మనిషినే చూపిస్తనన్న. నువ్వు స్టేషన్‌కు రావాలె."

మహీధర్ గ్లాసు కింద పెట్టాడు. "ఏ టైముకు?" అని మాత్రం అడగగలిగాడు.

ఆదివారం భూమయ్య నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగాడు. బిడ్డ ముఖం చూశాడు, పక్కనున్న అబ్బాయిని చూశాడు. ఏం చదివినవ్, అమ్మానాయనలు ఏం చేస్తరు అని అడిగాడు. మహీధర్ అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇల్లు మాత్రం కిరాయిదేనన్నాడు.

"నీకు ఇష్టమేనా బిడ్డా?" అని భూమయ్య కూతుర్ని అడిగాడు.

"ఔ బాపు."

ఆయన చేతిలోని బియ్యం సంచి మహీధర్ చేతికిచ్చాడు.

"జర బరువుంటది, పైలం. మీ ఇంటికే పోదాం నడువు. మీ అమ్మతోని మాట్లాడాలె."