ఇంటివైపు తిరిగిన తల

ఆ ఇంట్లో అందరికీ తెల్లవారే వేళకు ఇంజనీరుకు పొద్దుగూకుతుంది. అంగారకుడి మీద తిరిగే బండిని ఇక్కడినుంచి నడిపించడం ఆయన ఉద్యోగం. నిద్రా మెలకువా అక్కడి పొద్దును బట్టే. అందుకే చేతికి రెండు గడియారాలు, ఒకటి అక్కడి టైముకు, ఒకటి ఇంటి టైముకు. ఇంటిది ఎప్పుడో ఆగిపోయింది. ఆయన గమనించనే లేదు, మహానుభావుడు!

ఆ ఉదయం డ్యూటీ దిగి వస్తూనే ముందు గదిలో ఆగిపోయాడు. ఆఫీసు హాల్లో పెట్టడానికి భార్య వేసిన బొమ్మ గోడకు ఆనించి ఉంది. ఎర్రటి నేల, నల్లటి ఆకాశం, నడుమ కొండ ముందు ఒంటరిగా బండి, దాని పొడుగాటి మెడ మీద కెమెరాల తల. కాసేపట్లో వ్యాను వస్తుంది.

“ఇదేంటి, ఎదురుగా అంత కొండ పెట్టుకుని బండి తల ఆకాశంలోకి తిప్పావు? అది వెళ్ళింది రాళ్ళు చూడ్డానికి! మా డైరెక్టరు చూస్తే నా పరువేం కాను? మార్చెయ్.”

“మార్చను.”

“పంతమా?”

“పంతమే. కావాలంటే వ్యాను వెనక్కి పంపేయండి. నేనూ మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇక్కడున్నా మీకు లేనట్టేగా!”

తలుపు పక్కన సర్దిన సంచి ఆయనకు అప్పుడు కనబడింది. 

వంటింట్లోంచి తల్లి వచ్చింది. “దాన్నేం అంటావురా? అంత దూరాన్నుంచి ఆ బండి రోజూ కబురు పంపుతుందటగా. పక్క గదిలోంచి నువ్వు పలకవు. నా కడుపున ఆ బండి పుట్టినా బాగుండేది.”

ఎవరికీ నవ్వు రాలేదు.

“బండి దిగిన కొత్తలో మీరే చెప్పారు,” అంది భార్య. “ఎంత పనున్నా రోజూ ఓసారి ఆపేసి, భూమి ఎటుందో వెతుక్కుని మాట్లాడుతుందని. నాకు ఒళ్ళు జలదరించిందండీ. అంత చీకట్లో దానికి ఇల్లెటో తెలుసా అని!”

“మాట్లాడేది యాంటెన్నా. తల కాదు.”

“ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహం తిప్పరా ఎవరైనా?”

ఆయన బొమ్మ దగ్గరికి వెళ్ళి బండి చూస్తున్న వైపే చూశాడు. ఆకాశం మూల నీలి చుక్క. వంగి చూస్తే అందులో పసుప్పచ్చగా నలుసంత వెలుగు.

“ఇదేంటి?”

“మన వంటింటి లైటు. మీరొచ్చేదాకా ఆర్పనుగా.”

అక్కడినుంచి తీసిన భూమి ఫోటోలు ఆయన ఎన్ని చూశాడో! కోణం సరిచూశాడు, దూరం లెక్కేశాడు. ఆ చుక్కలో తనకోసం మేలుకుని ఒక మనిషి ఉందని ఒక్కసారీ తట్టలేదు. అంత చీకటినీ దాటి ఆ కాస్త వెలుగు తననే వెతుకుతున్నట్టనిపించి, అలాగే నిలబడిపోయాడు. కళ్ళు మసకబారాయి.

బయట వ్యాను హారన్ మోగింది. “జాగ్రత్తగా తీసుకెళ్ళండి,” వ్యాను మనుషులకు చెప్పాడాయన. “తల అలాగే ఉండాలి.”

తర్వాత చేతివైపు చూసుకున్నాడు, ఇంటి గడియారం ఆగి ఉంది. దాన్ని విప్పి భార్య ముందు చెయ్యి చాపాడు.

“ఇంట్లో ఇప్పుడు టైమెంతయింది?”

ఆమె ఏడుస్తూనే గడియారం అందుకుని కీ ఇవ్వడం మొదలుపెట్టింది.

తల్లి కళ్ళు తుడుచుకుంటూ సంచి తీసుకుని లోపలికి నడిచింది. “హమ్మయ్య, వీడి సిగ్నలూ అందింది.”