ఆ మోకాలు మా అమ్మది కాదు

"ఈ మోకాలు మీ ఇంట్ల ఎవరిదన్న ఉన్నదా?"

ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టి ఎవరైనా అడిగే ప్రశ్నేనా ఇది? గడప అవతల ఒక అమ్మాయి. ఒక చేతిలో బైబిల్, ఇంకో చేతిలో ఫోన్, ఫోన్ నిండా ఒక మోకాలు. నిద్ర మొహంతో ఉన్న నేను ముందు అమ్మాయిని చూశాను. ఆమె ఫోన్ ఇంకాస్త పైకెత్తితే తప్పక మోకాలిని చూశాను.

మోకాలి కింద తేలు పచ్చబొట్టు. చిన్నప్పుడు ఆ తేలును చూసి ఏడ్చేవాణ్ణట.

"మా అవ్వది," అన్నాను. "మీ ఫోన్లకు ఎట్లొచ్చింది?"

"నేనూ గదే తెలుసుకుందామని వచ్చిన."

ఆమె పేరు రెబెక్కా. నాచారంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే ఎందుకొచ్చిందో తేలేదాకా వదలకపోవడం ఆమె ఉద్యోగం. డ్యూటీ దిగాక కూడా ఆ బుద్ధి దిగదని తర్వాత నాకు బాగా తెలిసింది.

"పోయిన నెల మా అమ్మ ఉప్పల్‌ల బస్సు దిగుతుంటె పడ్డది. మోకాలి చిప్ప పగిలి ఆపరేషన్ అయింది," అని చెప్పుకొచ్చింది. "ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేస్తమంటె అడుగడుగు హోమ్ కేర్ అనే కంపెనీల పది సెషన్లకు నా బోనస్ మొత్తం కట్టిన. ఒక్కరు గూడ రాలె. రిఫండ్ అడిగితె, 'ఎనిమిది సెషన్లు అయిపోయినయ్ మేడం, అమ్మగారు మస్తు ఖుష్' అని ఫోటోలు పంపిన్రు. ఎనిమిదింట్ల గిదే మోకాలు. మా అమ్మకు పచ్చబొట్టే లేదు."

"మరి మా ఇల్లెట్ల పట్టుకున్నరు?"

ఆమె వెనక్కి తిరిగి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు మీది బోర్డు చూపించింది. హోరేబు ప్రార్థన మందిరం.

"మా అడ్రస్‌ల 'హోరేబు చర్చి ఎదురుంగ' అని రాసిన. పదిహేనేండ్లు మా ఇంటి ముంగటనే ఉండె. కిరాయి పెంచిన్రని మూడు నెలల కింద గిక్కడికి మార్చినం. చర్చి మారింది గని మా సంఘపోళ్ళ నోట్ల అడ్రస్ మారలె. ఇప్పటికీ అందరం గట్లనే చెప్పుకుంటం. ఇయ్యాల ఆరాధన అయినంక బయట నిలబడి సూస్తె, ఎదురుంగ మీ తలుపు."

అంతలో లోపలి నుంచి అవ్వ కేకేసింది. "ఎవల్రా జీవన్? కాళ్ళ మేడమా? ఇయ్యాల ఆదివారం గదా!"

రెబెక్కా నన్ను దాటుకుని లోపలికే వచ్చేసింది.

మా అవ్వ మల్లవ్వ జనగామ దిక్కు నుంచి వచ్చి నా దగ్గర ఉండబట్టి రెండేళ్ళు. నేను ఇంజినీరింగ్ యూనిట్‌లో మిషన్ మీద పనిచేస్తాను. పొద్దున పోతే సాయంత్రమే రావడం. పగలు ఇంట్లో ఏం జరుగుతుందో అవ్వ చెబితేనే తెలియాలి.

"కాళ్ళ మేడం వచ్చి ఏం చేస్తుండె అవ్వా?" రెబెక్కా కింద కూర్చుని మెల్లగా అడిగింది.

"కాలు వంచుమంటది, లేపుమంటది, లెక్కవెట్టుమంటది. మొదటి దినం వచ్చి మోకాలు నొప్పి ఎవలికమ్మా అంటె, నాకే బిడ్డా అన్న. మీ ఇంటోళ్ళు పైసలు కట్టిన్రు అన్నది. ఇంకెవలు కడ్తరు, మా మనుమడే! నాకు చెప్పకుంట చేసిండు సూడు. బస్తీల ఏ ముసల్దానికున్నడు గిసుంటి మనుమడు?"

మొన్నొకసారి అవ్వ అన్నం పెడుతూ "నీ పుణ్యాన నొప్పి తగ్గింది బిడ్డా" అంటే, నేను తెచ్చిన నొప్పుల నూనె గురించే అనుకుని గొప్పగా తలూపాను.

రెబెక్కా నా వైపు తిరిగి, చప్పుడు రాకుండా పెదవులతో అడిగింది. "నువ్వా?"

నేను అడ్డంగా తలూపాను. ఆమె ఒకసారి అవ్వ మొహం చూసింది. ఫోన్ బ్యాగులో వేసేసుకుంది.

"ఊకెనే వచ్చిన అవ్వా. చర్చి ఎదురుంగనే గదా, పలకరిద్దామని," అని లేచింది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి పరుగెత్తాను. "చెప్పలేదేందండి?"

"నీ పరువు నేనెందుకు తియ్యాలె? నువ్వే చెప్పుకో." అంటూ ఆగింది. "మోకాలు ఎవరిదో ఆమెనే వచ్చి, గవి నాకు చేసిన్రు అని వేలిముద్రేసి ఇస్తెనే రిఫండ్ ఇస్తమన్నరు. ఇంకో ఫిజియోను పెట్టుకుందామంటె చేతిల ఏం మిగల్లె. ఈ నెల దాటితె మోకాలు గట్లనే బిగుస్తదని డాక్టర్ చెప్పిండు. అమ్మ ఇప్పటికే గోడ పట్టుకొని నడుస్తున్నది."

అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి బైబిల్‌ను గుండెకు హత్తుకుంది. నాకు చాలా బాధనిపించింది.

"ఒక్క రోజు టైమియ్యండి."

"సరె. నంబరియ్యి."

కంగారులో నా నంబర్ నేనే తప్పు చెప్పాను. ఆమె అక్కడికక్కడే రింగ్ ఇచ్చి చూసి, "ఎవరో పెద్దాయన ఎత్తిండు, నువ్వైతె కాదు," అంది. మళ్ళీ చెప్పాను. ఈసారి నా జేబు మోగింది.

సాయంత్రం వాన మొదలైంది. అవ్వ స్టూలు మీద కాలు చాపుకుని, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ కాలు వంచుతోంది. ఇప్పుడు కాదు, పదిహేను దాకా రానీ అనుకున్నాను. పదిహేను అయింది. ఇరవై అయింది.

"అవ్వా, కాళ్ళ మేడంను నేను పెట్టియ్యలె."

మొత్తం చెప్పేశాను. అవ్వ కాలు కిందికి దించింది. బస్తీ అంతా చెప్పుకుని మురిసిన ముచ్చట అది. ఆమె మొహం చూడలేక నేల చూశాను.

"మరి నూనె?" అంది.

"నూనె నేనే తెచ్చిన."

"దానితోని ఏం గాలె." తన మోకాలు తడుముకుంది. "అవుతలామె కాలు ఎట్లున్నదట?"

"వంగుతలేదట."

అవ్వ లేచింది. మూలనున్న గొడుగు తీసింది. "బండి తియ్యి. ఒకల మందు నేను మింగి కూసుంటనా?"

రెండు గల్లీల అవతల, చర్చి మునుపున్న చోటికి ఎదురుగా రెబెక్కా వాళ్ళ ఇల్లు. తలుపు తీసి మమ్మల్ని చూసి ఆమె నోరు తెరిచింది. వెంటనే లోపలికి పోయి తువ్వాలు తెచ్చి అవ్వకిచ్చింది.

మంచం మీద వాళ్ళమ్మ విక్టోరియా ఉంది, కాలు కొయ్యలాగా చాపుకుని. అవ్వ నేరుగా వెళ్ళి పక్కన కూర్చుంది.

"నీ వంతు కాళ్ళ మేడంను నేను వాడుకున్ననమ్మా. తెల్వక చేసిన. ఆమె నేర్పింది మొత్తం నాకు యాదికున్నది. రోజు వచ్చి నీతోని చేపిస్త."

"అయ్యో అక్కా, అంత మాటెందుకు," అంటూనే విక్టోరియా కళ్ళు తుడుచుకుంది.

రెబెక్కా మాత్రం చేతులు కట్టుకుంది. "ఆగున్రి. అవ్వది అరిగిన మోకాలు, అమ్మది ఆపరేషన్ మోకాలు. రెండింటికీ ఒకటే ఎట్ల నడుస్తది?"

దవాఖానాలో ఇచ్చిన బొమ్మల కాగితం తెచ్చింది. అవ్వ ఒక్కొక్కటీ చేసి చూపిస్తే కాగితంతో పోల్చుకుంది. ఐదు కలిశాయి, మూడు కలవలేదు. మర్నాడు పొద్దున్నే డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగి, ఆ ఐదింటికే ఒప్పుకుంది. ఇంత అనుమానపు మనిషిని నేనెక్కడా చూడలేదు. ఎందుకో మస్తు నచ్చింది.

బుధవారం ఇద్దరం పర్మిషన్ పెట్టి, అవ్వను తీసుకుని ఉప్పల్‌లోని ఆ కంపెనీ ఆఫీసుకు పోయాం. మోకాళ్ళ కంపెనీ మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదు.

"గిదేం కంపెనీరా, కాళ్ళు నొయ్యాలనే గిక్కడ పెట్టిన్రా?" అని అవ్వ ఒక్కో మెట్టూ ఎక్కింది. రెబెక్కా ఒక చెయ్యి పట్టుకుంది, నేనొక చెయ్యి. మధ్యలో అవ్వ లేకపోతే ఎంత బాగుండునో అనిపించి వెంటనే సిగ్గుపడ్డాను.

మేనేజర్ మురళీధర్ కంప్యూటర్ చూస్తూ అన్నాడు. "చర్చి ఎదురుగా ఇల్లు అని మీరే రాశారు మేడం. మావాళ్ళు చర్చి ఎదురింటికే వెళ్ళారు. సర్వీస్ ఇచ్చారు. ఇంకేం కావాలి?"

"ఇంటి నంబర్ గూడ రాసిన. పేషెంట్ పేరు విక్టోరియా, వయసు నలభై తొమ్మిది అని గూడ రాసిన," అంది రెబెక్కా. "ఎనిమిది సార్లల్ల ఒక్కసారి పేరు అడిగిన్రా? నాకు గది ఒక్కటి చెప్పున్రి చాలు."

అవ్వ ముందుకు జరిగింది. "నన్ను పేరు అడగలె సారు. అడిగితె మల్లవ్వ అని చెప్తుంటి గదా. నాకు డెబ్బై ఒకటి. ఈ పిల్ల తల్లి లెక్క కనవడుతున్ననా? కాయితం తే, ముద్రేస్త."

మురళీధర్ అవ్వను చూశాడు, ఫోటోలో తేలును చూశాడు. పదిహేను రోజుల్లో డబ్బు వాపస్ అని రాసిచ్చాడు.

"కాళ్ళ మేడంను మాత్రం ఏమనకు సారు," అంది అవ్వ లేస్తూ. "పిల్ల పని మంచిగ చేసింది."

ఆ పదిహేను రోజులూ సాయంత్రం ఆరింటికి నా బండి రెబెక్కా ఇంటి ముందే ఉండేది. లోపల అవ్వ లెక్కపెడుతూ ఉంటే, విక్టోరియా ఆంటీ "యేసయ్యా" అంటూ కాలు వంచేది. వరండాలో మేమిద్దరం టీ తాగేవాళ్ళం. మిషన్ మీద నేనేం చేస్తానో, అవ్వకు తేలు బొమ్మ ఎవరు వేశారో, నాకు ఉల్లిపాయ ఎందుకు పడదో, అన్నీ ఆమెకు కావాలి. నేను జవాబు చెబుతుంటే కళ్ళార్పకుండా వినేది. ఆ చూపు కోసం లేని జవాబులు కూడా చెప్పేవాణ్ణి.

పదహారో రోజు రిఫండ్ పడింది. సోమవారం నుంచి కొత్త ఫిజియో వస్తుందని రెబెక్కా చెప్పింది. సంతోషించాల్సిన మాటే. నాకు టీ చేదైంది.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు," అంది. "అవ్వను దించి పోవచ్చు గదా. గంట సేపు గిక్కడెందుకు కూసుంటున్నవ్?"

"వాన పడుతుండె."

"మంగళవారం ఎండ కొట్టింది."

"బండ్ల పెట్రోల్ తక్కువుండె."

"బంక్ మా గల్లీ మూల మీదనే ఉన్నది."

ఇక దాచడానికేం మిగల్లేదు. "నిన్ను సూసుకుంట కూసుంటున్న. నువ్వంటె నాకు ఇష్టం. సోమవారం నుంచి ఏ వంకతోని రావాల్నో తెల్వక పానం పోతున్నది."

వాన జల్లు వరండాలోకి కొట్టింది. ఇద్దరం కదల్లేదు.

"ఎప్పటి సంది?"

"మోకాలు సూడక ముందు సంది."

ఆమె పకపకా నవ్వేసింది. తర్వాత నవ్వాపుకుని, కప్పులోకి చూస్తూ అంది. "నాకు గా దినం సంది. వానల అవ్వను తీసుకొచ్చినవ్ గదా. అవ్వ ముంగట పరువు పోతదని తెల్సి గూడ నిజం చెప్పి తీసుకొచ్చినవ్."

లోపల లెక్క ఎప్పుడు ఆగిందో మేం గమనించలేదు. కిటికీ అవతల ఇద్దరు పెద్దవాళ్ళు మరీ నిశ్శబ్దంగా ఉన్నారు.

కొత్త ఫిజియో వచ్చిన మూడో వారంలో, డాక్టర్ ఇక బయటికి నడవొచ్చు అన్నాడు. ఆదివారం పొద్దున విక్టోరియా ఆంటీ తెల్ల చీర కట్టుకుని గల్లీలోకి వచ్చింది. కర్ర లేదు, గోడ లేదు. రెబెక్కా అడుగు వెనకే, పట్టుకోకుండా, పడితే పట్టుకునేంత దగ్గరలో నడిచింది. నేను మా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఎదురుగా చర్చిలో పాట మొదలైంది.

ఆంటీ చర్చి వైపు తిరగలేదు. మా ఇంటి వైపు తిరిగింది. మూడు మెట్లూ మోకాలు వంచి ఎక్కింది.

"అమ్మా, చర్చి అటు," అంది రెబెక్కా.

"తెల్సు. ప్రభువు జర ఆగుతడు," అంది ఆంటీ, నుదుటి చెమట తుడుచుకుంటూ. "మల్లక్కా, మీ జీవన్‌ను మా రెబెక్కకు అడుగుదామని వచ్చిన. మీ దేవుడు, మా దేవుడు, పెండ్లి ఎక్కడ, గవన్ని నిమ్మళంగ కూసోని మాట్లాడుకుందం. ముందైతె నీ మాట చెప్పు."

అవ్వ మొహం వెలిగిపోయింది. గబగబా కుర్చీ లాగి ఆంటీని కూర్చోబెట్టింది. "గింత దూరం ఎందుకు నడిచినవమ్మా? రేపు పొద్దుగాల నేనే వద్దామనుకుంటి!"

"నువ్వే వస్తె, నా కాలు బాగై ఏం ఫాయిద అక్కా?" అంది ఆంటీ.