మలుపు దగ్గర తీసిన నాలుగో ఫోటో

ఆ కొండ మలుపు పేరెత్తితే లారీ డ్రైవర్లు మాట మారుస్తారు. చీకటి పడ్డాక అక్కడ పిట్టగోడ పక్కన ఒక చెయ్యి లేస్తుందట... లిఫ్టు అడగడానికి కాదు, ఏదో చూపించడానికి. ఏం చూపిస్తోందో చూద్దామని బండి ఆపిన మగాడు మాత్రం లేడు.

ఒక్కడు ఆపాడు. ఇన్సూరెన్సు సర్వేయరు. విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

యాక్సిడెంటైన బళ్లకు ఫోటోలు తియ్యడం అతని పని. ముందు చుట్టూ తిరిగి మూడు ఫోటోలు తీస్తాడు. నాలుగోదానికి మెకానిక్కుని పిలిచి, "దెబ్బెక్కడో వేలు పెట్టి చూపించు" అంటాడు. ఇరవయ్యేళ్లుగా అదే మాట. నిద్రలో లేపినా అదే వస్తుంది.

రెండేళ్ల కిందట అతని బావమరిది ఆ మలుపులోనే పోయాడు. కారు పిట్టగోడ దాటి లోయలో పడింది. ఆ కారు ఇచ్చింది ఈ బావగారే. ఇక రోడ్డెక్కడానికి పనికిరాదని తన చేత్తో రిపోర్టు రాసిన బండినే తుక్కు కింద కొని, విరిగిన ఛాసీకి వెల్డింగ్ పెట్టించి, పైన రంగు పూయించి, "కొత్తదానిలా ఉంది, నడుపుకోరా" అని తాళాలు చేతిలో పెట్టాడు. మలుపులో ఊడింది ఆ అతుకే. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. తెలిస్తే ఆవిడ తన మొహం కూడా చూడదని అతనికి తెలుసు. ఆ భయాన్ని కడుపులో పెట్టుకునే రెండేళ్లు ఆవిడ పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ కారులో నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. ఆవిడ కోరింది ఒక్కటే.

"దారిలోనే కదండీ. వాడు పోయిన చోట ఒక్క ఫోటో తీసుకుందాం."

కాదనలేకపోయాడు. మర్నాడే పాత కెమెరా చేతిలోంచి జారి పగిలింది... జారిందో, జార్చాడో. ఆవిడ ఊరుకోలేదు. దారిలో ఊరు రాగానే కొట్టు ముందు ఆపించి, జేబులో పట్టే చిన్న కెమెరా ఒకటి కొనిపించింది. కొట్టాయన వాళ్ల కళ్ల ముందే సీలు చింపాడు.

"చార్జింగ్ ఎక్కడానికి రెండు గంటలు పడుతుందమ్మా."

"నాలుగైనా పర్లేదు, నిదానంగా ఎక్కనివ్వండి" అన్నాడు సర్వేయరు. చీకటి పడితే ఆవిడే వద్దంటుందని అతని ఆశ.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. ఆవిడ వద్దనలేదు.

మలుపు దగ్గర దిగేసరికి ఆకు కదలడం లేదు. ఆవిడ అతని వెనకే నిలబడింది. పని ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిదని అతను కెమెరా ఎత్తాడు. ఒక ఫ్లాష్... పిట్టగోడ. ఇంకో ఫ్లాష్... రోడ్డు. మూడోది లోయ వైపు.

నాలుగోసారి ఎత్తగానే, అలవాటు కొద్దీ నోరు జారింది.

"దెబ్బెక్కడో... వేలు పెట్టి చూపించు."

"ఎవరితోనండీ?" ఆవిడ గొంతు గుసగుసలా వచ్చింది.

"ఎవరితోనూ కాదు" అంటూనే అతని వేలు బటన్ నొక్కేసింది.

కారెక్కి తలుపులు బిగించుకున్నారు. ఆవిడ లోపలి లైటు వేసి కెమెరా తీసుకుని ఒక్కొక్కటే చూడసాగింది. గోడ. రోడ్డు. చీకటి. నాలుగోదాని దగ్గర ఆగిపోయింది.

ఫోటో నిండా ఒక చెయ్యి. చూపుడువేలికి పై కణుపు లేదు. చిన్నప్పుడు తను తలుపు వేస్తే నలిగి ఊడిపోయిన తమ్ముడి కణుపు అది. అది తలుచుకుని ఆవిడ ఇప్పటికీ ఏడుస్తుంది.

ఆ వేలు గోడను చూపించడం లేదు. లోయనూ చూపించడం లేదు. కెమెరా పట్టుకున్నవాడి గుండెకు సూటిగా చాచి ఉంది.

ఆవిడ కెమెరా ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా భర్త వైపు తిరిగింది.

"దెబ్బెక్కడని కదండీ మీరడిగారు... మరి తమ్ముడు మిమ్మల్నెందుకు చూపిస్తున్నాడు?"